పై గది గొంతు

అన్నయ్య పోయి వారమైనా తిరగకముందే వదిన ఆ రికార్డు ప్లేయరును ఇంట్లోంచి పంపెయ్యమని పట్టుబట్టడం చెల్లెలికి మింగుడు పడలేదు.

ఆయన కళ్లజోడు ఇంకా బల్లమీద పేపరు మీదే ఉంది. విప్పిన చొక్కా కుర్చీ వీపుకు వేలాడుతోంది. చెప్పులు గుమ్మం పక్కన ఒకదాని మీద ఒకటి ఎక్కి, మనిషి ఇప్పుడే లోపలికి వెళ్లినట్టు పడి ఉన్నాయి. వాటిలో దేన్నీ వదిన తియ్యలేదు, ఎవరినీ తియ్యనివ్వలేదు. పై గదిలో ఉన్న ఆ ఒక్క వస్తువు మాత్రం పోవాలి.

"శనివారం దాటి అది నా ఇంట్లో ఉండకూడదు. ఎవరికిస్తారో మీ ఇష్టం," అంది వదిన, చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ. ఆ లాగుడుకు ఈనెతో పాటు కాయ కూడా చీలి వస్తోంది.

"నాన్న వస్తువమ్మా అది," అంది కూతురు. "రోజూ సాయంత్రం పైకెళ్లి..."

"రోజూ సాయంత్రం పైకెళ్లి ఏం చేసేవాడో నువ్వు చెప్పాలా నాకు?"

కూతురు మేనత్త వైపు చూసింది. మేనత్త తల ఎత్తలేదు. ఆమె బడిపిల్లల యూనిఫారాలు కుట్టే మనిషి. వీధి చివర దుకాణం, దాని వెనక గదిలోనే నివాసం. ఈ వారమంతా పని ఇక్కడికే తెచ్చుకుని, హాల్లో ఓ మూల కూర్చుని కాలర్లు కుడుతోంది. కుట్టేటప్పుడు పెదవుల మధ్య నాలుగు గుండుసూదులు పట్టుకోవడం ఆమెకు అలవాటు. మాట్లాడకపోతేనే మంచిదనిపించే చోట ఆ అలవాటు బాగా పనికొస్తుంది.

ముప్పై ఏళ్లు దాటి కలిసి బతికిన మనిషి, పోయినాయన ఇష్టంగా చూసుకున్న వస్తువు మీద ఇంత పగ దేనికో! దుఃఖం ఒక్కొక్కరిలో ఒక్కో దారిన పోతుందిలే అని సరిపెట్టుకుంది.

మేనకోడలు పాత రేడియోల దుకాణాయనకు ఫోను చేసింది. ఆయన గొంతు చిరిగిన స్పీకరులా ఉంటుందని ఊరంతా ఆయన్ని గరగర అంటారు. ఆయన కూడా ఫోనెత్తి "గరగరనే మాట్లాడుతున్నా" అంటాడు.

"పాడుతోందా అమ్మా అది? పాడితే మంచి చేతికి చేరుస్తా. పాడకపోతే తుక్కులోకే. శనివారం పొద్దున వస్తా. ఈలోపు పాడించి చూడండి."

అలా మొదలైంది.

పెట్టె బరువుగా ఉంది. మేనకోడలు దాన్ని గుండెకు ఆనించుకుని ఒక్కో మెట్టూ కాలితో తడుముకుంటూ దించింది. హాల్లో టీవీ కింద ఆమె కొన్న ఆంప్లిఫయరూ రెండు స్పీకర్లూ ఉన్నాయి. ప్లేయరు తీగలు రెండూ దాని వెనక ఖాళీగా కనబడ్డ రంధ్రాల్లో గుచ్చింది. మూత ఎత్తింది.

పళ్లెం మీద ఒక రికార్డు అప్పటికే ఉంది. మధ్యలో తెల్లకాగితం. ఏ పేరూ లేదు, ఏ బొమ్మా లేదు. అంచున చిన్న సిరా మరక.

చెల్లెలు పెదవుల మధ్య సూదులు ఒక్కొక్కటీ తీసి కాలరుకు గుచ్చింది.

"అది తీసెయ్యవే. ఇంకోటి పెట్టు."

"ఇంకోటి లేదత్తా. గదంతా చూశా. ఏం, ఇదేమిటి?"

"నాదే."

మేనకోడలి కళ్లు ఇంతయ్యాయి. "ఆ దోమ రికార్డా? ఇదేనా? నాన్న ఎప్పుడో పారేశానన్నాడు కదా!"

"నాకూ అదే చెప్పాడు."

పందొమ్మిదేళ్ల వయసులో పాడిన పాట. రికార్డుల కంపెనీ వాళ్లు పరీక్షకని ఒక్కటి అచ్చువేసి ఇచ్చి, ఇంట్లో విని మళ్లీ రమ్మన్నారు. అన్నయ్య అప్పుడే కొత్తగా సైన్సు మేష్టారయ్యాడు. బళ్లోంచి ప్లేయరు అడిగి తెచ్చి, ఇంట్లో ఉన్న రేడియో వెనక తనే తగిలించాడు. మళ్లీ కంపెనీకి ఆమె వెళ్లలేదు. మేనకోడలికి ఇంతవరకూ తెలుసు. ఆ రోజు నుంచి మేనత్త పేరు ఇంట్లో దోమ అయింది. ఈ పిల్లకు మాటలు వచ్చాక దోమత్త అయింది.

"వింటా అత్తా. ఒక్కసారి. ప్లీజ్."

ముల్లు దిగింది. ముందు ఏమీ లేదు. తర్వాత ఎక్కడో పక్కింటి పెరట్లో ఎవరో రేకుడబ్బాలో మూతిపెట్టి పాడుతున్నట్టు సన్నగా ఒక దారం లాంటి శబ్దం. ఆ దారంలో మాటలున్నాయి, రాగముంది, బరువు మాత్రం లేదు. మేనకోడలు శబ్దం పెంచే మీట సగం తిప్పింది. ఇంకాస్త తిప్పింది. చివరిదాకా తిప్పింది. స్పీకర్లు గుమ్మని మూలిగాయి గానీ గొంతు దగ్గరికి రాలేదు.

మేనకోడలు కింది పెదవి పళ్ల కింద పట్టుకుంది. అయినా నవ్వు ముక్కులోంచి వచ్చేసింది.

"నవ్వుకో," అంది చెల్లెలు, తనూ నవ్వుతూ. ఆ నవ్వు ఆమెకు బాగా సాధన అయిన నవ్వు. ఇన్నేళ్లుగా ఎక్కడ ఎవరు ఆ మాట ఎత్తినా అందరికన్నా ముందు తనే నవ్వేది. "మీ నాన్న కూడా ఇలాగే చివరిదాకా తిప్పాడు. తిప్పి, మిషను బాగానే ఉంది, పాడిందే దోమ అన్నాడు."

"ఉండత్తా. తీగ వదులుందేమో."

తీగలు తీసి తుడిచి మళ్లీ పెట్టింది. అటుదిటూ ఇటుదటూ మార్చింది. మీట తగ్గించి, ఆ రంధ్రాల్లోనే తన ఫోను తగిలిస్తే అది గట్టిగా మోగింది. అంటే స్పీకర్లు సరే, ఆంప్లిఫయరు సరే. పళ్లడాక్టరు దగ్గర పనిచేసే పిల్ల కాబట్టి సంచీలోంచి పొడుగు కాడ ఉన్న చిన్న అద్దం తీసి, నేలమీద పడుకుని ముల్లు కిందికి తొంగిచూసింది.

"నోరు తెరవమ్మా... ఊఁ, గార పట్టింది," అని మెత్తటి బ్రష్షుతో ముల్లుకు అంటిన దుమ్ము దులిపింది. మళ్లీ తీగలు పెట్టి, మీట చివరికి తిప్పి విన్నారు. అదే దారం. అదే రేకుడబ్బా.

వెనక గదిలోంచి వదిన గొంతు వచ్చింది. తలనొప్పని తలుపు వేసుకుని పడుకుంది. "అయిందా మీ పెంట? పోతుందా అది?"

"పాడట్లేదమ్మా!"

"పాడకపోతే మరీ మంచిది!"

చెల్లెలు మళ్లీ కాలరు చేతిలోకి తీసుకుంది. సూదికి దారం ఎక్కించబోతే కన్నం దొరకలేదు. ఆవిడకు తలనొప్పి అయితే అయింది గానీ, అంత మాట అనాలా?

"ఇక వదిలెయ్యవే," అంది. "మిషన్లన్నీ బాగానే ఉన్నాయని తేలింది కదా. మిగిలింది నేనే."

మర్నాడు బటన్ల కోసం బజారుకు వెళ్లినప్పుడు ఆమె కాళ్లు గరగర దుకాణం ముందు ఆగాయి. ఆగాలని అనుకోలేదు. తుక్కులోకి వెయ్యకండని ఒక్కమాట చెబుదామనుకుంది. అన్నయ్య చెయ్యి పడ్డ వస్తువు.

గరగర ఒక రేడియో పొట్ట విప్పుకుని కూర్చున్నాడు. విషయం విని, తల ఎత్తకుండానే అడిగాడు.

"తీగలు దేంట్లో పెట్టారు?"

"వెనక రంధ్రాల్లో. ఫోను పెడితే బాగానే మోగింది."

"ఫోనుకు మోగుతుంది. దీనికి మోగదు. తల్లీ, ఆ ముల్లులోంచి వచ్చే కరెంటెంత? చీమ తుమ్మినంత. ఫోనులోంచి వచ్చేది మనిషి తుమ్ము. రెంటినీ ఒకే కన్నంలో పెట్టి ఒకేలా వినపడాలంటే ఎలా?" ఆయన లేచి, అల్మరాలోంచి ఒక రికార్డు లాగాడు. "నాటకాలాయనది. మైకు లేకుండా వీధి చివరికి వినపడేవాడంటారు. వినండి."

తన ప్లేయరు తీగలు ఒక ఆంప్లిఫయరు వెనక గుచ్చి ముల్లు వదిలాడు.

రేకుడబ్బాలో ఒక మగదోమ పద్యం అందుకుంది.

చెల్లెలి చేతిలో బటన్ల పొట్లం ఉంది. దాన్ని రెండు చేతుల్తో పట్టుకుంది.

"ఇంకొంచెం పెంచండి," అంది.

"ఎంత పెంచినా ఇంతే. ఇది పెరిగే రోగం కాదు." ఆయన తీగలు పీకి, అరచేతిలో పట్టే ఒక డబ్బాకు తగిలించి, ఆ డబ్బాను ఆంప్లిఫయరుకు కలిపాడు. "ఇది ప్రీయాంపు. చీమను మనిషిని చేస్తుంది. ఇంకో పనీ చేస్తుంది. రికార్డు గీసేటప్పుడు బరువు స్వరాల్ని కావాలనే తగ్గించి గీస్తారు, లేకపోతే గాడి పట్టదు. తగ్గించింది మళ్లీ ఇది కలుపుతుంది. పాత ఆంప్లిఫయర్లకు ఇది లోపలే ఉండేది, దానికి వేరే కన్నం. ఇప్పటివాటికి తీసేశారు. ఇప్పుడు వినండి."

నాటకాలాయన గొంతు దుకాణం గోడల్ని ఊపింది. బల్లమీద విప్పి పెట్టిన మరలు చిన్నగా గలగలలాడాయి.

"ఏ గొంతైనా ఇంతేనా?" ఆమె మాట ఆమెకే వినపడలేదు. మళ్లీ అడగాల్సి వచ్చింది. "ఈ డబ్బా లేకపోతే, ఏ గొంతైనా అలాగేనా?"

"ఏనుగు ఘీంకరించినా అంతే. ఏం, అలా కూర్చున్నారేం? మంచినీళ్లు కావాలా?"

తను ఎప్పుడు కూర్చుందో ఆమెకు తెలియలేదు. కింద విప్పిన రేడియో చెక్కమీద కూర్చుని ఉంది.

ఆ రోజు ఇంట్లో తమ నాన్న నవ్విన నవ్వు, మీట చివరిదాకా తిప్పి వెనక్కి చూసిన అన్నయ్య ముఖం, పక్కింటివాళ్లు కిటికీలోంచి "ఏమిటర్రా అది, ఈల వేస్తోంది" అని అడగడం ఒక్కసారిగా కళ్లముందుకు వచ్చాయి. తప్పు తీగది. పాడిన మనిషిది కాదు. ఇన్నేళ్లు గొంతు మూసుకుని కూర్చున్నది ఒక కన్నం తేడా కోసం!

కొంతసేపటికి ఆమెకు మొదట వచ్చింది కోపం కాదు, జాలి. పాపం అన్నయ్య. తెలియక తగిలించాడు, తెలియకుండానే వెళ్లిపోయాడు. సైన్సు చెప్పే మనిషి, ఈ సంగతి తెలిసుంటే ఎంత కుమిలిపోయేవాడు! తెలియకపోవడమే మంచిదయింది. ఇక ఎవరికీ చెప్పనక్కరలేదు. పోయిన మనిషి మీద ఇప్పుడు ఈ మాట దేనికి?

నీళ్లు తాగి లేచింది. "ఆ డబ్బా ఒకటి ఇస్తారా, పాడించి చూస్తాం."

"నా దగ్గర ఉన్నది ఇదొక్కటే. అయినా మీకు దేనికమ్మా? మీ ఇంట్లో ఉంటుంది కదా."

"మా ఇంట్లోనా?"

"మరి మేష్టారు ఇన్నాళ్లూ ఎలా విన్నారు? ముళ్లు నా దగ్గరే కొనేవారు. అరిగిపోయిందని ఏటా వచ్చేవారు. అంతగా వినే మనిషి డబ్బా లేకుండా వింటాడా? పై గదిలోనే ఎక్కడో ఉంటుంది, చూడండి."

ఆమె తలాడించి బయటికి వచ్చింది. బటన్లు, బటన్లు అని తనకు తాను గుర్తు చేసుకుంటూ నడిచింది. బటన్లు చేతిలోనే ఉన్నాయి. వీధి మలుపు తిరిగేదాకా ఆయనన్న మాట చెవిలోనే ఆగి ఉంది. మలుపు తిరిగాక లోపలికి దిగింది.

అన్నయ్య పై గదికి ఎవరూ వెళ్లేవాళ్లు కాదు. బళ్లో పిల్లలకు చూపించే సామాను చేసుకుంటాడని అనుకునేవాళ్లు. మేనకోడలు తలుపు తోసి లైటు వేసింది. ఒక బల్ల, ఒక కుర్చీ, గోడకు పాత చెక్క స్పీకరు. ప్లేయరు ఉన్న చోట బల్లమీద దుమ్ము లేని చతురస్రం.

"నేనిక్కడ తీగలన్నీ పీకేసి పెట్టె ఒక్కటే తెచ్చా," అంది మేనకోడలు. "ఈ చెత్తంతా రేడియో రిపేరు సామాననుకున్నా."

చతురస్రం పక్కనే ఉంది. బిస్కెట్ల రేకుడబ్బా. పక్కల సమంగా కన్నాలు వేసి, కన్నాల అంచులు ఆకురాయితో రుద్ది నునుపు చేశారు. చెల్లెలు మూత తీసింది. లోపల ఎర్ర తీగలు ఒక వరుస, నల్ల తీగలు ఒక వరుస, ఎక్కడా ఒకదాన్నొకటి దాటకుండా వంచి ఉన్నాయి. తీగల్ని అలా వంచే చెయ్యి ఆమెకు తెలుసు. చిన్నప్పుడు ఆమె జడ రిబ్బన్లు కూడా ఆ చెయ్యి అలాగే మడత పెట్టేది. సీసం అతుకులు నల్లబడి పాతవైపోయాయి. మీట మీద రంగు, వేలు ఆనే చోట పూర్తిగా పోయింది. బ్యాటరీ మాత్రం కొత్తది, మెరుస్తోంది.

"నాన్నే చేశాడా ఇది!" అంది మేనకోడలు సంబరంగా.

చెల్లెలు ఆయన కుర్చీలోనే కూర్చుంది.

తెలుసు. అన్నయ్యకు తెలుసు. తెలుసుకుని, డబ్బా చేసి, పారేశానని చెప్పిన రికార్డు దాచి, విన్నాడు. అతుకులు ఇంత నల్లబడ్డాయంటే నిన్నామొన్నటి సంగతి కాదు. ఆదివారం ఆదివారం తన కుట్టు దుకాణానికి వచ్చి స్టూలు లాక్కుని, "ఏమే దోమా, టీ పెడతావా" అనేవాడు. టీ తాగి ఇంటికొచ్చి మెట్లెక్కి, ఈ కుర్చీలో కూర్చుని...

ఈ వారమంతా ఆమె కళ్లు ఆరింది లేదు. ఇప్పుడు చూస్తే పొడిగా, ఇసుక పడ్డట్టు ఉన్నాయి. ఒక్క మాట. "తప్పు నాదే" అనే ఒక్క మాటకు నోరు రాలేదా అన్నయ్యా? చిన్నదాన్ని నేను. అప్పటికింకా చిన్నదాన్నే.

"అత్తా, ముఖం అలా ఉందేం?"

"తగిలించు," అంది చెల్లెలు. "కిందికి పోయి తగిలించు. నేను వినాలి."

హాల్లో మేనకోడలు ప్లేయరు తీగలు డబ్బాకూ, డబ్బా తీగలు ఆంప్లిఫయరుకూ కలిపింది. రికార్డును వెలుతురుకు ఏటవాలుగా పట్టి చూసింది. "అబ్బో, ఎంత అరిగిందో చూడు. గాళ్లన్నీ బూడిద రంగుకొచ్చాయి." పళ్లెం మీద పెట్టి ముల్లు దించింది. నిన్న చివరిదాకా తిప్పిన మీట ఇంకా చివరే ఉందన్న సంగతి ఇద్దరిలో ఎవరికీ గుర్తులేదు.

'తలుపు తియ్యకే గాలీ...'

పిడుగు పడ్డట్టు వచ్చింది. కిటికీ అద్దాలు ఝల్లుమన్నాయి, టీవీ మీది ఫొటో బోర్లా పడింది. మేనకోడలు కెవ్వుమని వెనక్కి తూలింది. ఆ హోరులో కూడా చెల్లెలికి వినపడింది. నిండు గొంతు. బావిలోంచి చేద పైకి వస్తున్నట్టు, నీళ్ల బరువుతో సహా వస్తున్న గొంతు. అది ఎవరిదో ఆమెకు తెలియలేదు. ఒక క్షణం నిజంగానే తెలియలేదు.

మేనకోడలు తడుముకుని మీట తగ్గించేలోపు వెనక గది తలుపు గోడకు కొట్టుకుంది. వదిన జుట్టు విరబోసుకుని గుమ్మంలో నిలబడి ఉంది. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"ఆపండి! ఆపమన్నానా! ఆయన పోయాక కూడా అది నా ఇంట్లో పాడాలా? నట్టింట్లో పాడాలా?"

"అది అంటే... ఎవరమ్మా?" అంది కూతురు.

"నాకేం తెలుసు ఎవరో! పేరు అడిగానా నేను? ముఖం చూశానా?" వదిన గుమ్మం పట్టుకుంది. "నువ్వు కడుపులో ఉన్నప్పటి నుంచీ. రోజూ పైకెళ్లడం, తలుపు వేసుకోవడం, కింద చెవొగ్గితే గానీ వినపడనంత చిన్నగా అదే పాట, అదే మనిషి. ఒకనాడు పైకి వెళ్లి తలుపు సందులోంచి చూశా. కళ్లు తుడుచుకుంటున్నాడు. దానికోసం ఏడుస్తున్నాడు! అప్పటి నుంచి ఆ మెట్లెక్కితే ఒట్టు. అడగలేదు. అడిగితే చెబుతాడని భయం. చెబితే నేను ఎక్కడికి పోవాలి, నిన్ను ఎత్తుకుని?"

పాట సాగుతూనే ఉంది, చిన్నగా. మేనకోడలు ముల్లు ఎత్తింది. ఉన్నట్టుండి అంత నిశ్శబ్దం అయ్యేసరికి వంటింట్లో కుళాయి కారడం వినపడింది.

వదిన పగ దేనిమీదో చెల్లెలికి అప్పుడు అర్థమైంది. ముప్పై ఏళ్లు దాటి, ఈ గొంతు గల ఆడమనిషిని తలుచుకుంటూ ఈవిడ వంట చేసింది, ఇస్త్రీ చేసింది, తనకు పండక్కి చీర కొనిపెట్టింది.

"వదినా," అంది. "అది నేను."

"ఏమిటి నువ్వు?"

"పాడింది నేనే. ఆ రికార్డు నాదే."

వదిన ఆమెను తలనుంచి పాదాల దాకా చూసింది. తర్వాత నవ్వింది. ఆ నవ్వు వింటే భయం వేసింది.

"అన్నను వెనకేసుకొస్తున్నావా? పోయినా వదలరన్నమాట మీ అన్నాచెల్లెళ్లు. నీ గొంతా అది? పెళ్లయిన కొత్తలో ఆయనే చెప్పాడు నాకు. మా చెల్లెలు నోరు తెరిస్తే పక్కవాళ్లు దోమతెర వెతుక్కుంటారని చెప్పాడు. అది చెప్పి పడీపడీ నవ్వాడు."

ఆ జోకు ఇంతకు ముందు చెల్లెలు వినలేదు. మింగడానికి కొంచెం సమయం పట్టింది.

మేనకోడలు మధ్యలోకి వచ్చింది. డబ్బా చూపించింది, తీగలు చూపించింది, చీమ తుమ్మూ మనిషి తుమ్మూ అని ఏదో చెప్పబోయింది. వదిన వినలేదు.

"తీగలు నాకు తెలియవు. గొంతు తెలుసు. ముప్పై ఏళ్లు విన్నాను, పైకప్పు కింద నిలబడి. నీదే అయితే పాడు."

"ఇప్పుడా?"

"ఇప్పుడే. ఇక్కడే."

"పాడి ఎన్నేళ్లయిందో వదినా. గొంతు లేదు."

"లేదని చెప్పు, సరిపోతుంది. అబద్ధమాడానని చెప్పు. నేను పోయి పడుకుంటాను." వదిన గొంతు మొదటిసారి కిందికి దిగింది. "నాకు తెలియాలి. ఇంకెవరున్నారు చెప్పడానికి? ఆయన లేడు."

చెల్లెలు కుట్టుపని పెట్టుకునే మూలకు వెళ్లి గోడకు ఆనుకుని నిలబడింది. అరచేతులు చీరకు తుడుచుకుంది. వదిన ఎదుటి కుర్చీలో, అన్నయ్య చొక్కా వేలాడుతున్న కుర్చీలో, వీపు ఆన్చకుండా కూర్చుంది. మేనకోడలు నేలమీదే ఉండిపోయింది.

మొదటి అక్షరం రాలేదు, గాలి వచ్చింది. దగ్గింది. మళ్లీ మొదలుపెట్టింది.

'తలుపు తియ్యకే గాలీ... దీపం నిద్ర...'

గొంతు తుప్పు పట్టిన గడియలా కిర్రుమంది. పై స్వరం అందలేదు, పక్కకు జారింది. రికార్డులో విన్న గొంతుకూ దీనికీ పోలికే లేదు. మేనకోడలు తల దించుకుంది. వదిన ముఖంలో కండరం కదల్లేదు. ఏదో రాబోతోందని తెలిసిన మనిషిలా పెదవులు బిగించి ఉంది.

'నిద్ర' దగ్గర ఆమెకు ఊపిరి చాలలేదు. ఆగకూడని చోటు అది, మాట మధ్య. ఆ రోజు కంపెనీ ఆయన కూడా అక్కడే తప్పు పట్టి, పందొమ్మిదేళ్ల పిల్లవు, నేర్చుకుంటావులే అన్నాడు. ఆమె నేర్చుకోలేదు. ఆగి ఊపిరి పీల్చింది.

కుర్చీలో వదిన కూడా పీల్చింది. సరిగ్గా అక్కడే, సరిగ్గా అంతే.

ఇద్దరి ఊపిరీ ఒకేసారి వినపడింది. వదిన చెయ్యి తనకు తెలియకుండానే నోటిమీదికి వెళ్లింది. ఆ చేతికి పైన కళ్లు పెద్దవై, ఎదురుగా గోడకు ఆనుకున్న మనిషిని కొత్తగా చూశాయి.

'...పోయిందే,' అని చెల్లెలు ఆ మాట ముగించింది. పల్లవి రెండోసారి అనలేదు. ఆగిపోయింది.

వీధిలో ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ పోయారు.

"ఎంత తిట్టానో," అంది వదిన, చెయ్యి తియ్యకుండా. "నాకొచ్చిన తిట్లన్నీ తిట్టాను. నాశనమైపోవాలని..." మాట పూర్తి చెయ్యలేకపోయింది. "ఆదివారం వచ్చి నువ్విక్కడ భోంచేస్తుంటే, నీకు వడ్డిస్తూ కూడా తిట్టుకున్నాను."

"నాకు తెలియదుగా వదినా."

"నాకూ తెలియదుగా." వదిన చెయ్యి దించి ఒళ్లో పెట్టుకుంది. పైకప్పు వైపు చూసింది, అక్కడ ఎవరో ఉన్నట్టు. "తెలిసినవాడు ఒక్కడే. ఒక మాట అంటే మనిద్దరికీ తీరిపోయేది. ఇద్దరికీ చెప్పలేదు. చెప్పకుండా పైన కూర్చుని ఏడ్చాడు."

అన్నయ్యను ఏమని తిట్టాలో, ఏమని తలుచుకోవాలో చెల్లెలికి ఇంకా తెలియలేదు. తెలుసుకోవడానికి చాలాకాలం పట్టేట్టుంది.

"ఆపావేం?" అంది వదిన కాసేపటికి. "చరణం ఉంది కదా."

"ఉంది. మర్చిపోయాను వదినా. ఒక్క ముక్కా గుర్తులేదు."

వదిన కుర్చీలో వెనక్కి వాలింది. చొక్కా భుజం ఆమె భుజానికి తగిలింది. తీసెయ్యలేదు.

"నాకొచ్చు," అంది.

కళ్లు మూసుకుని, రాగం లేకుండా, బజారుకు పోయే మనిషికి తేవాల్సినవి చెబుతున్నట్టు ఒక్కో మాటే అప్పజెప్పడం మొదలుపెట్టింది.

"మెట్లెక్కి వచ్చిన వానా... మెల్లగా మాటాడవే..."

చెల్లెలు గోడ దగ్గర్నుంచి కదిలి, దగ్గరికి వచ్చి, నేలమీద కూర్చుని వింది.